లోపలి నీరడి

కొల్లాపూర్ దిక్కు కొండల్లో కళ్ళు లేని చేపలున్నాయని నాకు మొదట చెప్పినవాడు మా బడిలో లెక్కల పంతులు. నేను నల్లగొండలో మిడిల్ స్కూలు పిల్లలకు జంతువుల గురించీ చెట్ల గురించీ చెప్తాను. పాఠం ఉర్దూలో చెప్తాను, కోపం మాత్రం తెలుగులో వస్తుంది. ఆ రోజు నల్లబల్ల మీద పెద్ద చేప బొమ్మ గీసి, చేపకు రెప్పలుండవనీ, నిద్రలో కూడా దాని కళ్ళు తెరిచే ఉంటాయనీ చెప్పి బయటికి వచ్చాను. కిటికీ దగ్గర నిలబడి విన్న లెక్కల పంతులు, తమ అమ్మమ్మగారి ఊరి బిలంలో చేపలకు రెప్పలే కాదు, అసలు కళ్ళే లేవన్నాడు. ముసలివాళ్ళ కథలు నా దగ్గర చెప్పకన్నాను. పందెమా అని ఆయన నవ్వాడు. ఆ నవ్వే నన్ను బస్సెక్కించింది.

కామునిపున్నమి సెలవులకు ప్రయాణం పెట్టుకున్నాను. ఒక్కణ్ణే పోదామనుకుంటే తెల్లారేసరికి మా అక్క మూట కట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. నా నోరు మంచిది కాదట, పరాయి ఊళ్ళో ఎవరితోనన్నా తగాదా పడతానట, తాను పక్కన ఉంటే ఆ తగాదా ఏదో తనతోనే పడతాను కాబట్టి లోకానికి క్షేమమట. అసలు సంగతి వేరే. మా అక్క పుట్టి బుద్ధెరిగి కృష్ణానది చూడలేదు. ఆ మాట పైకి చెప్పడానికి ఆమెకు నామోషీ.

ఇది అటు పోనివాళ్ళ కోసం రాస్తున్నాను. పోయి వచ్చినవాళ్ళకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

దేవరకొండ దారి

యుద్ధం రోజులు కావడంతో పెట్రోలు దొరక్క, బస్సు వెనక బొగ్గుల పొయ్యి ఒకటి బిగించారు. ఆ పొగతోనే బండి నడుస్తుందని డ్రైవరు అన్నాడు గానీ, సగం దారి మా భుజాలతోనే నడిచింది. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్ళంతా దిగి నెట్టాలి. ఆడవాళ్ళు కూర్చోవచ్చు. మా అక్క కిటికీలోంచి తల బయటపెట్టి, ఎట్లా నెట్టాలో నాకొక్కడికే చెప్తూ వచ్చింది.

దారి పొడుగునా మోదుగుపూలు. ఆకు ఒక్కటి లేదు, కొమ్మ నిండా ఎరుపే. పక్క సీట్లో చీరల మూటతో కూర్చున్న నేత పెద్దమనిషిని గుడ్డి చేపల సంగతి అడిగాను. ఉన్నాయన్నాడు. చూశారా అంటే, తాను చూడలేదు, తన బావమరిది చూశాడన్నాడు. దేవరకొండలో చాయ్ పోసిన సాయిబును అడిగితే ఆయన చిన్నాన్న చూశాడట. అందరికీ తెలిసిన చేపే, ఎవరి కంటా పడని చేపే. నాకు లోలోపల సంతోషంగా ఉంది. లెక్కల పంతులు ముఖం ఎట్లా మాడుతుందో ఊహించుకుంటూ రెండో గ్లాసు చాయ్ తాగాను.

అచ్చంపేట సంతలో

అచ్చంపేట సంతలో ఏమి దొరుకుతుందని అడగడం కంటే ఏమి దొరకదని అడగడం తేలిక. కొండ మీది నుంచి చెంచులు తెచ్చిన తేనె, చిరోంజి అనే సారపప్పు, ఎండిన రేగుపండ్లు. అణాకు దోసెడు రేగుపండ్లు కొంటే మా అక్క బేరం చేసి ఇంకో గుప్పెడు పోయించింది. నల్లగొండలో ఇంత చవక లేదని ఆమె బిగ్గరగా అన్నది, అమ్మే మనిషికి వినబడేటట్టు. బేరం చేసిన తర్వాత అనే మాటేనా అది?

చేపలు అమ్మే అవ్వ ఒకామె కుండలో బతికున్న జెల్లలు పెట్టుకుని కూర్చుంది. జెల్ల అంటే పొలుసు లేని చేప, నోటి చుట్టూ పిల్లి మీసాల వంటి మీసాలుంటాయి. బిలంలో ఉండేదీ ఈ జాతేనని లెక్కల పంతులు చెప్పి ఉన్నాడు. వీటికి కళ్ళున్నాయా లేవా చూద్దామని కుండలో చెయ్యి పెట్టాను. కళ్ళున్నాయి. ముల్లు కూడా ఉంది. అది నా చూపుడువేలిలో దిగిన వెంటనే నేనన్న మాట ఇక్కడ రాయలేను.

అవ్వ నా వేలికి సున్నం, పసుపు కలిపి రాసి కట్టు కట్టింది. రాస్తూ, నేను దాని కళ్ళు చూస్తుంటే దానికేమీ కాలేదనీ, మీసాలు తాకాను కాబట్టే పొడిచిందనీ చెప్పింది. ఎర్రనీళ్ళు పారే వాగులో కండ్లుండి ఏం లాభం, జెల్లకు మీసాలే చేతులు, మీసాలే నాలుక అన్నది. మీసంతో రుచి కూడా చూస్తుందట. ఆ మాట మా పుస్తకంలోనూ ఉంది. ఇన్నేళ్ళు పిల్లలతో వల్లె వేయించాను. వేలు సలుపుతుంటే మాత్రం కొత్తగా వినబడింది. చేప పాఠం చెప్పేవాడికి చేపే పాఠం చెప్పిందని మా అక్క సంత దాటేదాకా నవ్వుతూనే ఉంది.

కొల్లాపూర్

కొల్లాపూర్‌కు ఇంకా కోసెడు దూరం ఉండగానే మామిడిపూత వాసన బండిలోకి వచ్చింది. సంస్థానం ఊరు, గోడల్లో ఠీవి ఉంది, వీధుల్లో తీరిక ఉంది. ఆ సాయంత్రమే అక్కను కృష్ణ ఒడ్డుకు తీసుకుపోయాను. ఆమె మెట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. మా అక్క మాట్లాడకుండా ఉండడం నేను అదే మొదటిసారి చూడడం. తర్వాత నీళ్ళు దోసిట్లో తీసుకుని నా కట్టిన వేలి మీద పోసింది.

బస పూటకూళ్ళ అవ్వ ఇంట్లో. జొన్నరొట్టె, పుంటికూర, నువ్వులపొడి, పైన ఉల్లిగడ్డ. మేము పుంటికూరలో శనగపప్పు వేస్తాం, ఇక్కడ జొన్ననూక వేసి ముద్దగా ఉడికిస్తారు. ఏది బాగుందని అడక్కండి, నేను మా అక్కతో కలిసి ఒకే ఇంట్లో బతకాలి. మూడు రొట్టెలు తిన్న మాట మాత్రం నిజం.

ఈ అవ్వ పుట్టిల్లు బిలంపల్లి. చేపలను తన కళ్ళతో చూశానని చెప్పిన మొదటి మనిషి ఆమే. చిన్నప్పుడు ఏటేటా చూసేదట. అయితే నేను ఆశ్చర్యపోయేలోపే, ఈ ఏడు మీరు పోయీ లాభం లేదన్నది. పోయిన దసరా ముందు తాలూక్‌దారు దొరవారు ఊళ్ళ తనిఖీకి దౌరా వస్తూ బిలం చూస్తారని కబురొచ్చిందట. దొర కాలు గబ్బిలాల పెంట మీద పడితే ఊరి మర్యాద ఏం కావాలి? ఊరంతా కలిసి బిలాన్ని ఇల్లు అలికినట్టు ఊడ్చారు. నేల గీకి, సున్నం కొట్టి, ముగ్గులు పెట్టి, లోపలిదాకా దివిటీలు వెలిగించారు. పొగకు గబ్బిలాలు లేచిపోయాయి. వానకు వాగు పొంగి దొరవారు అటునుంచి అటే వెళ్ళిపోయారు. ఆ తర్వాత బిలంలో చేప ఎవరికీ తగల్లేదు.

అవ్వ ఇది చెప్పి, చేప లేకపోతే సాయమ్మ బతుకేమౌతుందో అని నిట్టూర్చింది. సాయమ్మ ఎవరన్నాను. పోతున్నరు గద, మీరే చూస్తరు అన్నది.

బిలంపల్లి

బండి దిగగానే మమ్మల్ని పటేలు ఇంటికి తీసుకుపోయారు. లెక్కల పంతులు చీటీ ముందే అందిందట. పటేలు అరవై దాటిన మనిషి, తక్కువ మాట, ఎక్కువ మర్యాద. చల్ల తాగించి, వచ్చిన పని అడిగాడు. చెప్పాను. ఆయన కాసేపు తలపాగా సర్దుకుని, మీరు మంచి రోజుకే వచ్చిండ్రో చెడ్డ రోజుకే వచ్చిండ్రో, రేపే వంతుల దినం అన్నాడు.

ఆ మాట అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. చెరువున్న ఊళ్ళలో తూము ఎత్తి, ఎవరి మడికి ఎంత నీరు పోవాలో చూసే మనిషిని నీరడి అంటాం. పంట ఇంటికి వచ్చే ముందు కల్లం దగ్గరే కమ్మరికి, వడ్రంగం చేసే వడ్లాయనకు, కుమ్మరికి, చాకలికి కొలిచినట్టు నీరడికీ ఒక వంతు కొలుస్తారు. మా నల్లగొండ దిక్కూ ఇంతే. బిలంపల్లికి చెరువు లేదు. ఊరి బావిలోకి ఊట బిలం అడుగు నుంచి వస్తుంది. ఎంత కరువులోనూ ఆ ఊట ఆగలేదు. అందుకని అక్కడి నీళ్ళలో తిరిగే గుడ్డి జెల్ల ఈ ఊరికి నీరడి. లోపలి నీరడి అంటారు. దానికీ వంతుంది.

చేప జొన్నలేం చేసుకుంటుంది? దాని వంతు గబ్బిలాల పెంట. బిలంలో ఏడాది పొడుగునా పడ్డ పెంటను జొన్న కల్లాలైన తర్వాత తవ్వి తెచ్చి, బిలం ముందర కుప్ప పోసి, ధాన్యాన్ని పంచినట్టే మిరపతోటలకు పంచుకుంటారు. అందరి వంతులూ అయ్యాక ఆఖరు గంప చేపది. దాన్ని మళ్ళీ లోపలికి మోసుకుపోయి నీటి పైనున్న రాతి అరుగు మీద పోస్తారు. పెంటలో పురుగు పుడుతుంది, పురుగు నీళ్ళలో రాలుతుంది, చేప తింటుంది. ఎండ పడని చోట ఆకు మొలవదు, పాచి పట్టదు. ఆ చేప నోటికి అందే ప్రతి మెతుకూ బయట తిరిగొచ్చిన గబ్బిలం పొట్టలోంచి రావలసిందే. పుస్తకంలో ఇంత పొందికైన సంసారం నేను చదవలేదు. ఊరివాళ్ళు దొర కోసం గీకి పారేసింది పెంట కాదు, చేప ఏడాది గ్రాసం.

నీరడి తరఫున గంప మోసే హక్కు ఒక ఇంటిది. ఊరి చివర మాలవాడలో ఉండే సాయమ్మ అత్తవారిల్లు అది. అందుకు వాళ్ళకు కొండ కింద చిన్న భూమి చెక్క మాన్యంగా ఉంది. మగవాళ్ళు పోయారు, ఇప్పుడు సాయమ్మా, మంచం పట్టిన ఆమె అత్తా ఆ చెక్క మీదే బతుకుతున్నారు. ఒకటే కట్టుబాటు. వంతులు పంచే ముందు నీరడి బతికి ఉన్నట్టు ఊరికి రుజువు చూపాలి. సాయమ్మ దీపం లేకుండా లోపలికి పోయి, ఒక చేపను ఇత్తడి చెంబులో నీళ్ళతో తెచ్చి పదిమందికి చూపి, మళ్ళీ వదిలి రావాలి. చేప లేకపోతే వంతు లేదు, వంతు లేకపోతే మాన్యం లేదు. చెక్క ఊరి కింద కలిసిపోతుంది.

ఆ సాయంత్రం సాయమ్మ పటేలు ఇంటి ముందుకు వచ్చి, గోడ అవతల నిలబడింది. సన్నని మనిషి, నలభై ఉంటాయేమో. మా అక్క బయటికి పోయి ఆమెతో చాలాసేపు మాట్లాడి వచ్చింది. ముందే పోయి ఒకదాన్ని పట్టి ఉంచుకోరాదా అని అక్క అడిగిందట. దసరా నుంచి ఎన్నిసార్లు పోయి కూర్చున్నానో లెక్క లేదమ్మా, చేతికి ఏదీ రాలేదు అన్నదట. ఇది చెప్పి అక్క అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయింది. నా సంగతి అంతకంటే గొప్పగా లేదు. సున్నం కలిసిన నీళ్ళలో చేప బతకదని నాకు తెలుసు. పందెం గెలిచే దారిలో ఉన్నానని కూడా తెలుసు. ఆ పందెం ఓడిపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది.

వంతుల రోజు

పొద్దున బిలం ముందర ఊరంతా చేరింది. పెంట కుప్ప ఎప్పటి దాంట్లో పావు వంతు కూడా లేదని చెప్పుకుంటున్నారు. గబ్బిలాలు కొన్ని తిరిగొచ్చాయి గానీ అన్నీ రాలేదు. ఉన్న కాస్తలో లేని చేపకు గంప ఎందుకని ఒక ముసలి రైతు గొణిగాడు. ఆయనా చెడ్డవాడు కాదు. ఆయన మిరపతోట ఎండిపోతూ ఉంది.

సాయమ్మతో ఒక సాక్షి పోవాలి. ఆ సాక్షికి ఊళ్ళో భూమి ఉండకూడదు, చుట్టరికం ఉండకూడదు. ప్రతి ఏడూ దారిన పోయే గాజులవాణ్ణో, మేకలవాణ్ణో పట్టుకునేవారట. పటేలు నా వైపు చూశాడు. పంతులు నా ఇంట్ల తిన్నడు, నీకు సమ్మతమేనా అని సాయమ్మను అడిగాడు.

"అన్నం ఎవరింట్ల తిన్నా లోపల చీకటి ఒక్కటే పటేలా. రానియ్యుండ్రి" అన్నది.

చెప్పులు, గడియారం, అగ్గిపెట్టె అక్క చేతికిచ్చాను. సాయమ్మ ఒక కర్ర తెచ్చి, ఒక కొస తాను పట్టుకుని రెండో కొస నాకిచ్చింది. చెయ్యి పట్టుకుని తీసుకుపోకూడదు కదా, అందుకు ఆ కర్ర.

చీకట్లో

మా ఊరి పక్క పానగల్ గుళ్ళ రాతిపని చూస్తూ పెరిగినవాణ్ణి, రాయి నన్ను ఆశ్చర్యపెట్టదనుకున్నాను. ఈ బిలంలో నాపరాళ్ళు పొర మీద పొర, ఎవరో పేర్చి పెట్టినట్టున్నాయి. ఏ చెయ్యీ పేర్చలేదు. నీళ్ళు ఎన్ని యుగాలు నాకి నాకి ఈ దారి చేశాయో. గోడకు ఇంకా దసరా సున్నం మరకలున్నాయి. ఒక మలుపు తిరిగాం. వెలుగు బూడిదరంగుగా మారింది. ఇంకో మలుపు. అంతే, నాకు కళ్ళున్నాయన్న సంగతి కూడా తెలియకుండా పోయింది. తెరిచినా మూసినా ఒకటే. నేను అంత చీకటి ఎప్పుడూ చూడలేదు, అసలు దాన్ని చూడడం అంటారో లేదో కూడా తెలియదు.

కర్ర ఆగింది. కూర్చోమన్నది. రాయి చల్లగా, తడిగా ఉంది. చెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో పెట్టి కదపకుండా ఉండమన్నది. నీళ్ళు అంత చల్లగా లేవు. ఎండాకాలం, వానాకాలం ఇట్లాగే ఉంటాయట. ఎక్కడో పైన గబ్బిలం రెక్క ఒకటి కదిలింది. ఒక నీటిబొట్టు పడింది. ఆ చప్పుడు నీళ్ళ మీదుగా పోయి పోయి ఏదో గోడకు తగిలి తిరిగొచ్చింది. అప్పుడు తెలిసింది నాకు ఆ మడుగు ఎంత పెద్దదో. నాకు భయం వేసింది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, చాలా భయం వేసింది.

ఎంతసేపు అట్లా ఉన్నామో చెప్పలేను. అక్కడ పొద్దు లేదు. మనసులో ఒక్కొక్కటే రాలిపోయాయి: లెక్కల పంతులు, పందెం, బస్సు, కోపం. చివరికి మిగిలింది నీళ్ళలో ఉన్న నా చెయ్యొక్కటే.

తడి దారం ఒకటి నా చిటికెనవేలిని తాకింది.

కదల్లేదు నేను. ఇంకో దారం వచ్చింది. తర్వాత నాలుగైదు కలిసి వచ్చి వేలి చుట్టూ తిరిగాయి. గోరు అంచున ఆగాయి. ఉంగరం మీదికి ఎక్కి, దాని సందులో దూరి, బయటికి వచ్చాయి. జెల్ల ముల్లు దిగిన చోట కట్టును చాలాసేపు తడిమాయి. పసుపు రుచి చూస్తోందేమో. అవి మీసాలని నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో నన్నెవరో చదువుతున్నారనిపించింది. చిన్నప్పుడు జ్వరం వస్తే మా అమ్మ కూడా నుదురంతా అట్లాగే తడిమేది. నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి, ఎవరూ చూడరు కాబట్టి కారనిచ్చాను.

"వచ్చింది సాయమ్మా" అన్నాను.

ఆమె ఊపిరి ఒక్కసారి ఆగి మళ్ళీ వచ్చింది. నీళ్ళలో రెండు చేతులు కదిలిన అలికిడి. తర్వాత నా అరచేతిలో ఒక జీవాన్ని పెట్టింది. జానెడు కూడా లేదు. పొలుసు లేని మెత్తని తోలు. వెన్ను ఎముక వేలికి తగిలింది, అంతగా చిక్కిపోయింది. తల మీద కళ్ళు ఉండవలసిన చోట వేలు పెట్టాను. గుంట కూడా లేదు. ఒకప్పుడు అక్కడ కన్ను ఉండేదని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. పొట్ట మాత్రం నిండుగా, గట్టిగా ఉంది.

"కడుపుతోటి ఉన్నది" అన్నది సాయమ్మ.

ఆర్నెల్లుగా తిండి లేదు. సున్నం నీళ్ళకు ఎక్కడో లోపలి పగుళ్ళలోకి పోయి, ఉన్న ఒంట్లోని సత్తువనే కొద్దికొద్దిగా తింటూ, ఆ సత్తువలోంచే గుడ్లు కూడా పెట్టుకుంది. మెల్లగా బతకడం నేర్చిన జాతి. చేపను ఆమె నీళ్ళలోకి వదిలింది. చెంబు రాయి మీదనే ఉంది. చెంబు మరిచిపోయావని గుర్తు చేశాను.

"మరువలేదయ్యా. బయట ఎండకు, పదిమంది చేతులకు ఇది ఓపది. గుడ్లు నిలువయి."

మాన్యం పోతుంది కదా అన్నాను.

"మాన్యం పోతే కూలికి పోత. ఇది పోతే ఏడికెల్లి తెస్త?"

తిరిగి వస్తూ ఆమె నీటి అంచునే నడిచింది, ఒక చెయ్యి నీళ్ళలో ఆడిస్తూ. బయటి మలుపు దగ్గర బూడిదరంగు వెలుగులోకి వచ్చేసరికి చూశాను. ఆమె చేతి అలల వెంట అది వస్తోంది. కడిగిన వెల్లుల్లిపాయ తెలుపు, లోపల నెత్తురు కనబడి గులాబీ ఛాయ. మీసాలు ముందుకు చాపి, అడుగు అడుగూ నేలను అడుగుతున్నట్టు వచ్చింది. నీడ ముగిసి వెలుగు మొదలయ్యే గీత దగ్గర ఠక్కున ఆగింది. కళ్ళు లేని చేప వెలుగును ఎట్లా కనిపెట్టిందో, ఒంటి తోలుకే తెలుస్తుందేమో, అక్కడ గోడ ఉన్నట్టు వెనక్కి తిరిగి నల్లని నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నేను నిలబడిపోయాను. కర్ర రెండుసార్లు లాగితే గానీ కదల్లేదు.

బిలం ముందర

ఖాళీ చెంబు చూసి జనంలో ఒక నిట్టూర్పు లేచింది. సాయమ్మ చెంబు కింద పెట్టి, నీరడి ఉన్నది, కడుపుతోటి ఉన్నది, తేలేదు అని చెప్పి దూరం జరిగి నిలబడింది. పటేలు నన్ను అడిగాడు. ఉంది, నా అరచేతిలో పట్టుకున్నాను, కంటితో చూశాను అన్నాను.

మిరపతోట ముసలాయన ఒప్పుకోలేదు. సాక్షి చెంబుకు తోడే గానీ చెంబుకు బదులు కాదన్నాడు. తాతల నాటి కట్టుబాటు. పంతులు కంట పడ్డది ఊరి కంట పడ్డట్టా? కొందరు ఆయన మాటే నిజమన్నారు. నాకు కోపం కట్టలు తెంచుకుంది. ఏమన్నానో సరిగా గుర్తు లేదు, ఈసారి కోపం కూడా సగం ఉర్దూలోనే వచ్చిందట. అదేమీ పని చేయలేదు. పటేలు తల దించుకుని వింటున్నాడు. కట్టుబాటు తప్పితే రేపు ప్రతివాడూ తప్పుతాడు. తప్పకపోతే ఈ మనిషి ఇల్లు కూలుతుంది. ఆయన ముఖంలో ఆ రెండూ కనబడ్డాయి.

అప్పుడు ఆడవాళ్ళలోంచి మా అక్క లేచింది.

"పటేలా, మా దిక్కు నీరడి కాలు విరిగి పండుకుంటే వంతు ఆపరు. పెద్దమనిషి వాని గుడిసె కాడికి పోయి చూసొస్తడు. మీ నీరడికి కాళ్ళే లేకపాయె. కడుపుతోని ఉన్నదాన్ని బయటికి రమ్మనుడు ఏం మర్యాద? మీరే పోయి చూసి రాండ్రి."

ఏ పటేలూ ఏనాడూ ఆ రెండో మలుపు దాటలేదని తర్వాత తెలిసింది. పటేలు లేచి తలపాగా తీసి రాయి మీద పెట్టాడు. చెప్పులు విడిచాడు. సాయమ్మ ముందు నడిచింది, ఆయన వెనక పోయాడు. నేను పట్టుకున్న కర్ర బయటే గోడకు ఆనించి ఉంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తీసుకోలేదు.

ఎండ ఎక్కింది. పిల్లలు నీడకు జరిగారు. మా అక్క కొంగు కొస నోట్లో పెట్టుకుని బిలం నోటి వంకే చూస్తూ కూర్చుంది. నేను ఆ ఊరి దేవుళ్ళ పేర్లు తెలియక మా ఊరి దేవుళ్ళందరికీ మొక్కాను. చేప ఆయన చేతికి రాకపోతే?

ఆయన బయటికి వచ్చినప్పుడు అంగీ చెయ్యి మోచేతి దాకా తడిసి ఉంది. కాళ్ళు చేతులు కడుక్కోవడానికి చాకలి కుండతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టాడు. పటేలు కుండ వైపు చూడలేదు. తడి చేతిని తన ముందు పట్టుకుని, అది తనది కానట్టు కాసేపు చూసుకున్నాడు. మిరపతోట ముసలాయన దగ్గరికి వచ్చి, ఉన్నదా అని మెల్లగా అడిగాడు.

"ఉన్నది. నా చేతి ఏళ్ళన్నీ తడిమింది" అన్నాడు పటేలు. జనం వైపు తిరిగి, "వచ్చే ఏడు సుత చెంబు వద్దు. చూడాలె అనుకున్నోడు లోపటికి పోయి కూసోవాలె. ముందుగాల చేప వంతు తియ్యుండ్రి" అన్నాడు.

ముసలాయన తానే పార అందుకుని గంప నింపాడు, పైకి కుప్పగా పోసి చేత్తో అదిమాడు కూడా. ఏళ్ళ తరబడి అందరి వంతులూ అయ్యాక ఆఖరున లేచే గంప ఆ రోజు మొదట లేచింది. సాయమ్మ దాన్ని తల మీద పెట్టుకుని దీపం లేకుండా మలుపు తిరిగింది. మేమంతా ఎండలో నిలబడి వింటున్నాం. లోపలి నుంచి, నీళ్ళ మీదుగా, ఆమె గొంతు వచ్చింది.

"వచ్చిన బిడ్డా. తిను. ఇగ ఫికర్ లేదు."